మహజరు వెనుకనున్న శాస్త్రము: నేరస్థల పరిశీలనము

కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారికి ‘మహజరు’ అను మాట క్రొత్తది కాదు. తెలుగునాట పోలీసువారు ‘పంచనామా’ అని వ్రాయుదానినే కర్ణాటకమున మహజరు అందురు. పంచనామా యనగా పంచుల యెదుట వ్రాసిన పత్రము. మహజరు అరబ్బీ మూలమునుండి పారశీకము ద్వారా దేశభాషలలోనికి వచ్చినది. ‘హాజరు’, ‘హుజూరు’ అను మాటలకు దాయాది. రెండింటి భావమును ఒక్కటే: ఎవరో అచ్చట ఉండిరి, చూచిరి, చూచినదాని క్రింద చేవ్రాలు చేసిరి.

ఈ చేవ్రాలు చేయువారు పోలీసులు కారు, శాస్త్రజ్ఞులును కారు. వీథి మొగదల బడ్డీకొట్టు నడుపుకొనువాడు, కర్మాగారపు కావలివాడు, ప్రక్కవాటాలోని గృహస్థు, ఇట్టివారే. అపరాధ పరిశోధనమన్నంతనే తెలుగు పాఠకునికి కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ వంటి డిటెక్టివు కన్నులముందు నిలుచును. నవలలో డిటెక్టివు వచ్చువరకు నేరస్థలము కదలక మెదలక అతనికొరకు వేచియుండును. నిజమైన లోకమున అది వేచియుండదు. పోలీసువారు వచ్చులోపల ఇరుగుపొరుగువారు పదిమంది లోనికి పోయి వత్తురు. తలుపు తీయుదురు, దీపము వేయుదురు, దుప్పటి కప్పుదురు. శాస్త్రమంతయు ఆ తరువాత మిగిలినదానిమీద ఆధారపడవలసినదే. అందువలన ఈ విద్యలోని ప్రాథమిక పద్ధతులు పోలీసు శిక్షణాలయములకే పరిమితమైనవి కావు; సామాన్య గృహస్థునికిని వానితో పని గలదు.

బెంగుళూరునకు వాయవ్యమున, తుమకూరు రహదారి ప్రక్కనున్న పీణ్యలో ఈ సంగతి మరింత స్పష్టముగా తెలియును. 1970 దశకమునుండి పారిశ్రామికవాడగా పెరిగిన ఈ ప్రాంతమునకు అనంతపురము, చిత్తూరు, కడప మున్నగు జిల్లాలనుండి బ్రదుకుతెరువుకై వచ్చిన తెలుగువారు అనేకులు. వఠారములలోని ఒంటిగది వాటాలు, ఒకే నడవ, ఒకే కొళాయి, రాత్రి పాళీకి పోవువారు, పగటి పాళీనుండి వచ్చువారు. ఇట్టిచోట ఒక గదిలో దొంగతనమో, అంతకంటె ఘోరమైనదో జరిగినచో, అరగంటలో ఆ నడవమీద నడువని కాలుండదు.

నేరస్థలమును శాస్త్రదృష్టితో చూడవలెనని మొదట గట్టిగా చెప్పినవాడు ఆస్ట్రియా దేశపు న్యాయాధికారి హాన్స్ గ్రాస్. అతని గ్రంథము 1893లో జర్మను భాషయందు వెలువడెను. దానిని జాన్ ఆడం, కాలియర్ ఆడం అను ఇరువురు న్యాయవాదులు హిందూదేశపు వాడుకకు అనువుగా మార్చి ఇంగ్లీషులోనికి తెచ్చిరి. ఆ అనువాదము 1906లో మద్రాసున అచ్చయ్యెను. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గదా. ఇంగ్లీషు చదువు లోకమునకు గ్రాస్ గ్రంథమును అందించిన గౌరవము ఈ దక్షిణదేశపు పట్టణమునకు దక్కినదన్న సంగతి అంతగా ప్రచారములో లేదు, ఉండదగినది.

గ్రాస్ వేసిన పునాదిమీద ఫ్రాన్సు దేశీయుడు ఎడ్మండ్ లోకార్డ్ ఒక సూత్రమును నిలిపెను. 1910లో లియాన్ నగరమున ఇతడు స్థాపించిన చిన్న ప్రయోగశాల పోలీసు ప్రయోగశాలలకు ఆద్యమని చెప్పుదురు. రెండు వస్తువులు తాకినపుడు ఒకదానిది కొంత రెండవదానికి అంటకపోదనుట అతని సూత్రసారము. పీణ్యలో లేతు మిషనుమీద పనిచేయు కార్మికునికి దీనిని వేరుగ బోధింపనక్కరలేదు. అతడు ఇంటికి వచ్చునపుడు చెప్పుల అడుగున ఇనుపరజను వచ్చును, చొక్కాకు కటింగ్ ఆయిలు వాసన వచ్చును. అతడు కూర్చుండిన చాపమీద ఆ రజను రెండు పలుకులైనను రాలును. లేచునపుడు చాపపోగు ఒకటి అతని బట్టకు అంటుకొనును. నేరము చేసినవాడును ఇట్లే తనతో తెచ్చినదానిని కొంత విడిచి, అచ్చటిదానిని కొంత మోసికొని పోవును. అయితే ఈ సూత్రమునకు పక్షపాతము లేదు. జాలితో లోనికి వచ్చిన పొరుగువానికిని అది వర్తించును. అతడు విడిచినదానికిని, దొంగ విడిచినదానికిని భేదమును తెలిసికొనుటయే పరిశీలకుని కష్టము.

ఈ విద్యలో భారతదేశము పాత్ర చిన్నది కాదు. వేలిముద్రలను తరగతులుగా విభజించి వెదకుటకు వీలగు పద్ధతిని కలకత్తాలో ఎడ్వర్డ్ హెన్రీ క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనువారు రూపొందించిరి. 1897లో అచ్చట వేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. మరుసటి యేడే దానికి పరీక్ష వచ్చినది. ఉత్తర వంగదేశమున జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యచేయబడెను. పెట్టెలోని సొమ్ము పోయెను. అనుమానింపబడినవారు పలువురు. అయితే ఆ పెట్టెలో ఒక వంగ పంచాంగముండెను. దాని అట్టమీద నెత్తుటి మరకతో బొటనవ్రేలి గురుతు లీలగా కనబడెను. కలకత్తా దప్తరములో వెదకగా అది ఆ మేనేజరు పాత సేవకుడు, పూర్వము దొంగతనమునకు శిక్షపొందిన కాంగాలి చరణుని కుడి బొటనవ్రేలి ముద్రతో సరిపోయెను. విచిత్రమేమనగా, న్యాయస్థానము అతనిని దొంగతనమునకు మాత్రమే శిక్షించి, హత్యానేరము స్థాపింపబడలేదని విడిచెను. వ్రేలిముద్ర ‘ఇతడు ఈ వస్తువును తాకెను’ అని మాత్రమే చెప్పును. ‘ఇతడు చంపెను’ అని చెప్పదు. ఈ మితమును ఆ తొలి న్యాయమూర్తులు గుర్తించిరి. నేటి టెలివిజను ప్రేక్షకులు తరచుగా గుర్తింపరు.

ఆ పంచాంగమును ఎవరైనను తీసి తిథివారములు చూచియుండినయెడల, ఆ గురుతు నేటికి చరిత్రలో ఉండెడిది కాదు.

ఇక పద్ధతులు. నేరస్థలమున మొట్టమొదటి ధర్మము సాక్ష్యరక్షణము కాదు, ప్రాణరక్షణము. కొన ఊపిరి యున్నదన్న అనుమానము కలిగినను ముందు ఆసుపత్రికి తీసికొనిపోవలసినదే. గ్యాసు కారుచున్నచో, విద్యుత్తు తీగ తెగియున్నచో అపాయమును తొలగింపవలసినదే. ఆ పనిలో ఏ వస్తువు కదలినను దోషము లేదు. ఏది కదల్చితిమో జ్ఞాపకముంచుకొని చెప్పుటయే కావలసినది. గదిలో దీపము ముందే వెలుగుచుండెనా, మనిషి లోనికి వచ్చి వేసెనా అను చిన్న విషయముమీద నేరము జరిగిన వేళ ఆధారపడియుండవచ్చును.

ప్రాణమునకు సంబంధించిన పని ముగిసినపిమ్మట లోనికి ఎవరును పోరాదు. పోలీసువారు గట్టు రెండు వరుసలుగా కట్టుదురు. లోపలి వరుస నేరము జరిగిన తావునకు. వెలుపలి వరుస నేరస్థుడు వచ్చిన త్రోవ, పోయిన త్రోవ, గోడ దూకిన చోటు, వాహనము నిలిపిన చోటు ఇమిడియుండునట్లు. అనుభవము లేనివారు ఈ రెండవదానిని విస్మరింతురు. గదికి కావలి పెట్టి, గది వెనుకనున్న సందులో అడుగుజాడలను నూరు కాళ్లచేత త్రొక్కింతురు. పరిశీలకులు సైతము లోనికి పోవుటకు ఒకే దారిని ఏర్పరచుకొని, దానినుండి తొలగక రాకపోకలు సాగింపవలెను; ఎవరు, ఏ వేళ, ఏ పనిమీద లోనికి వచ్చిరో ద్వారమువద్ద ఒకరు వ్రాసికొనుచుండవలెను. పై అధికారి వచ్చినను ఆ పట్టికలో పేరు ఉండవలసినదే. ఈ నియమము వ్రాయుట సులభము, పాటించుట కష్టము. పెద్ద కేసులలో ప్రముఖుల పరామర్శలే నేరస్థలమునకు పెద్ద ఉపద్రవమగుచుండును.

తాకుటకు పూర్వము నమోదు చేయవలెను. ఇది రెండవ ధర్మము. మొదట కంటితో చూచి వ్రాసికొనుట: తలుపు గొళ్లెము లోపల పడియున్నదా, పొయ్యిమీది గిన్నె వెచ్చగా నున్నదా, గడియారము నడచుచున్నదా, వాసన యేమి. తరువాత ఛాయాచిత్రములు మూడు విధములు. గదియంతయు కనబడునట్లు దూరమునుండి. వస్తువునకు దాని పరిసరములతోగల సంబంధము తెలియునట్లు మధ్యదూరమునుండి. వస్తువు మాత్రమే నిండునట్లు దగ్గరగా. ఈ చివరిది రెండుమారులు తీయవలెను: ఒకమారు ఉన్నదున్నట్లు, ఒకమారు ప్రక్కన కొలబద్ద పెట్టి. కొలబద్ద లేని చిత్రములో కత్తి జానెడో, మూరెడో చూచువారికి తెలియదు.

చిత్రమున్నను పటము వేయక తప్పదు. ఛాయాచిత్రము దూరములను వంచి చూపును. పటములో కదలని బిందువులు రెండు, గదిమూలలు గాని కిటికీ అంచులు గాని, తీసికొని వానినుండి ప్రతి వస్తువునకు దూరము కొలిచి వ్రాయుదురు. రెండు స్థిరబిందువులనుండి దూరములు తెలిసినచో వస్తువున్న చోటు మరల కనుగొనవచ్చునను జ్యామితి ఎనిమిదవ తరగతి బాలునికిని తెలిసినదే. ఆ బిందువు కదలనిదై యుండవలెను. మంచము కోడునుండి కొలిచినచో, మరునాడు మంచము కదలినపుడు పటమంతయు వ్యర్థము.

చిత్రముల విలువకు దక్షిణదేశమున ఒక గొప్ప నిదర్శనము కలదు. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరున మానవబాంబు ప్రేలి రాజీవ్ గాంధీ మరణించినపుడు, ఆయనతోపాటు పలువురు అసువులు బాసిరి. మృతులలో ఒక ఛాయాగ్రాహకుడు ఉండెను. అతని కెమెరా మాత్రము చెడక అక్కడనే దొరకెను. అందలి ఫిలిమును కడుగగా, ప్రేలుడునకు ముందు పూలదండతో నిలిచియున్న యువతియు, ఆమెకు సమీపమున తెల్లని కుర్తా పైజమా ధరించిన పురుషుడును కనబడిరి. దర్యాప్తు అంతయు ఆ కొద్ది చిత్రములనుండి దారిపట్టెను. ఆ తెల్లదుస్తుల పురుషుని జాడ చివరకు అదే యేడు ఆగస్టులో బెంగుళూరు దక్షిణమున కోణనకుంటెలోని ఒక ఇంటివద్ద ముగిసెను. శ్రీపెరంబుదూరు మైదానమున చెల్లాచెదరైన బట్టపీలికలను, తీగముక్కలను ఏరి, వానినిబట్టి నడుమునకు కట్టిన బాంబు రూపమును తమిళనాడు ప్రయోగశాల అధిపతి డాక్టరు పి. చంద్రశేఖరన్ పునర్నిర్మించిరి. ఆ రాత్రి చీకటిలో, తొక్కిసలాటలో, ఆ కెమెరా ఎవరి సంచిలోనికైనను పోయియుండిన యేమయ్యెడిదో ఊహింపవచ్చును.

మైదానమును ఎట్లు వెదకవలెను, గదిని ఎట్లు వెదకవలెను అనుదానికి కొన్ని క్రమములు గలవు. వ్యవసాయము తెలిసినవారికి అవి క్రొత్తవిగా తోపవు. మొదటిది సాళ్లవెంట వెదకుట. వేరుసెనగ పీకినపిమ్మట పరిగె ఏరు ఆడువారు వరుసగా నిలిచి ఒకరి సాలు ఒకరు మీరక ముందునకు సాగునట్లు, పరిశీలకులు చేతికి చేయి దూరమున నిలిచి నేలను చూచుచు నడుతురు. విశాలమైన బయలునకు ఇది తగినది. దుక్కి దున్నినపిమ్మట అడ్డసాలు దున్నినట్లు, అదే చోటును రెండవమారు అడ్డముగా వెదకినచో అది గడుల పద్ధతి. ఒక దిక్కునుండి నీడలో దాగినది మరియొక దిక్కునుండి వెలుగులో కనబడును. శ్రమ రెట్టింపు, ఫలమును అట్లే. గానుగెద్దు తిరిగినట్లు వెలుపలినుండి లోనికి చుట్లు చుట్టుచు వచ్చుట మరియొకటి. పరిశీలకుడు ఒక్కడే యున్నపుడు ఇది పనికివచ్చును. ఇండ్లకును కర్మాగారములకును మాత్రము మళ్లు కట్టుటయే మేలు. ఈ మూల ఒక మడి, ఆ బల్ల ఒక మడి, పరుపు ఒక మడి. ఒక్కొక్క మడిని ఒకరు వెదకినపిమ్మట మరియొకరు మరల వెదకుదురు. ఏ క్రమమును పట్టినను ప్రయోజనమొక్కటే, ఏ జానెడు చోటును చూడక విడువకుండుట. ‘అనుమానమున్న చోట్ల వెదకెదము’ అనుకొనువాడు తన అనుమానమునే వెదకికొనును.

దొరకినదానిని ఎత్తి కట్టుటలోనే అజ్ఞానము ఎక్కువ హాని చేయుచున్నది. నెత్తురంటిన బట్టను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టుట అందరకును శుచిగా తోచును. నిజమునకు అది సాక్ష్యమును కుళ్లబెట్టుట. తడి బట్ట గాలియాడక బూజుపట్టును. సూక్ష్మజీవులు పెరిగి అందలి డి.ఎన్.ఏ.ను తినివేయును. దానిని నీడలో ఆరవేసి, కాగితపు సంచిలోనే ఉంచవలెను. ఒక్కొక్క వస్తువు వేరు సంచిలో నుండవలెను. చనిపోయినవాని చొక్కాను, అనుమానితుని చొక్కాను ఒకే మూటలో కట్టినచో, లోకార్డ్ సూత్రము ఆ మూటలోనే తన పని తాను చేయును. వెండ్రుక, పోగు, ఇనుపరజను, గాజుపలుకు వంటి చిన్నవానికి కిరాణాకొట్టు పొట్లమును మించిన సాధనమును పాశ్చాత్యులును కనుగొనలేదు. మడతలు సరిగ పడిన కాగితపు పొట్లమే నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. మరకను తీసినపుడు దాని ప్రక్కన మరకలేని చోటునుండియు కొంత తీయవలెను. ప్రయోగశాలలో కనబడినది మరకదా, గోడసున్నముదా అని తేల్చుటకు అది తూనికరాయి వంటిది.

వ్రేలిముద్రలకు పొడులు చల్లుదురు. తెల్లని తలముమీద నల్లపొడి, నల్లనిదానిమీద బూడిదవన్నె పొడి. నునుపైన గాజు, ఉక్కు, రంగువేసిన తలుపు వీనిమీద ముద్ర బాగుగా నిలుచును. కాగితముమీది ముద్రకు నిన్‌హైడ్రిన్ అను రసాయనము తగినది. చెమటలోని అమినో ఆమ్లములతో కలిసి ఊదారంగు తెచ్చును. ఈ వినియోగము 1954లో వెలువడినది. ఇంటివారి ముద్రలనుకూడ తీసికొనుట తప్పనిసరి. అందులకు ఇంటివారు కొందరు నొచ్చుకొందురు. తమను దొంగలుగా అనుమానించుచున్నారని తలంతురు. వారివి తీసివేసినగాని పరాయిముద్ర యేదో తెలియదు గనుక, అది వారిని విడిచిపెట్టుటకే గాని పట్టుకొనుటకు కాదు. తడిమట్టిలోని అడుగును ముందు కొలబద్దతో నిలువుగా పైనుండి చిత్రము తీసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోసి అచ్చు తీయుదురు. పోయునపుడు ధార నేరుగా పడినచో జాడ చెడును. గరిటెమీద పోసి జారవిడువవలెను.

తాళము విరిచిన గురుతులసంగతి పీణ్యలో చెప్పుట, కుండలు చేయువారికి మట్టిసంగతి చెప్పుటవంటిది. ఒక లోహపు తలమును చూచి, ఇది మొక్కపోయిన టూలుతో కోసినదని అనుభవజ్ఞుడైన లేతు కార్మికుడు వెంటనే చెప్పును. టూలు అంచుననున్న సూక్ష్మమైన లొట్టలు ఆ తలముమీద గీతలుగా పడును. ఉలి, గునపము, కత్తెర యేదైనను ఇంతే. విరిగిన తాళమును, దొరకిన పనిముట్టును విడివిడిగా పంపవలెను. ‘సరిపోవునా’ యని చూచుటకు పనిముట్టును ఆ గాటులో దూర్చుట మహాపరాధము. క్రొత్త గీతలు పాతవానిని చెరపివేయును.

తుపాకి విషయమును ఇట్టిదే. సూది తూటా అడుగున గుద్దినపుడు పడు గురుతు ఆ తుపాకికే చెల్లు సంతకము వంటిది. 2015 ఆగస్టు 30న ధారవాడలో కన్నడ విద్వాంసుడు ఎం. ఎం. కలబుర్గి తన ఇంటివద్ద కాల్చిచంపబడిరి. రెండేండ్లకు, 2017 సెప్టెంబరు 5న బెంగుళూరు రాజరాజేశ్వరినగరమున పత్రికాసంపాదకురాలు గౌరీ లంకేశ్ తన ఇంటివద్దనే అట్లు చంపబడిరి. రెండు చోట్లను దొరకినవి 7.65 మిల్లీమీటరుల తూటాలకు సంబంధించినవి. కర్ణాటక ప్రయోగశాలవారు వానిని సూక్ష్మదర్శినిక్రింద ప్రక్కప్రక్కన నుంచి చూచి, రెండింటను ఒకే నాటుపిస్తోలు వాడబడినదని నివేదించిరి. ధారవాడలో ఏరిన వ్రేలెడు లోహపుముక్కలు రెండేండ్లు చీటీతో, ముద్రతో భద్రముగా నుండినందుననే ఈ పోలిక సాధ్యమయ్యెను. దోషనిర్ణయము న్యాయస్థానము పని. రెండు దూరపు ఊళ్ల నేరములను ఒక త్రాట కట్టుట మాత్రము ఆ ముక్కల పని.

నేటి నేరస్థలమున కనబడని సాక్ష్యము మరియొకటి కలదు, సి.సి. కెమెరా. పీణ్యలో కర్మాగారమునకు ఒకటైనను లేక పోదు. దాని పెట్టె నిండినపుడు పాతదానిని తుడిచి క్రొత్తదానిని వ్రాసికొనును. ఎన్ని దినములకు అనునది పెట్టె పరిమాణమునుబట్టి యుండును. ప్రక్కసందులో నేరము జరిగినదని విన్న యజమాని ఎవరును అడుగకమునుపే ఆ దినపు భాగమును పదిలపరచినచో గొప్ప ఉపకారము చేసినవాడగును. పెట్టెలోని గడియారమునకు నిజమైన గడియారమునకు భేదమెంతో నాడే వ్రాసి పెట్టవలెను. పది నిముషముల తేడా ఒక నిరపరాధిని ఘటనాస్థలమునకు చేర్పవచ్చును.

సేకరించిన ప్రతి వస్తువునకు చీటీ, ముద్ర, సాక్షుల చేవ్రాళ్లు ఉండవలెను. అది ఎవరిచేతినుండి ఎవరిచేతికి ఏనాడు మారినదో తెంపులేని గొలుసువలె నమోదు కావలెను. ఒక లంకె తెగినను మిగిలినదంతయు నిరర్థకము. ఇది కాగితపు పనియని తేలికగా చూచువారు నాటి కృష్ణాజిల్లా ఇబ్రహీంపట్నపు కేసును తలపోయవలెను. 2007 డిసెంబరులో అచ్చటి ఒక వసతిగృహమున ఫార్మసీ చదువు విద్యార్థిని హత్యచేయబడెను. మరుసటి యేడు ఒక పేద యువకుని పట్టుకొనిరి; 2010లో విజయవాడ న్యాయస్థానము అతనికి శిక్ష విధించెను. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు, ప్రాసిక్యూషను చూపిన సాక్ష్యము నిలువజాలదని అతనిని నిర్దోషిగా విడుదల చేసెను. అతని యౌవనములో ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలో గడచిపోయెను. 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగింపగా, మరల పరీక్షించుటకు కావలసిన వస్తువులు విజయవాడ న్యాయస్థానమున అదివరకే నాశనము చేయబడినవని తెలియవచ్చెను. 2019 డిసెంబరులో ఆ బాలిక అస్థికలను సమాధినుండి వెలికితీసి పరీక్షకు పంపవలసివచ్చెను. పన్నెండేండ్ల క్రిందట ఒక గదిలో దొరకినవి దొరకినట్లు నిలిచియుండినయెడల, ఒక తల్లి తన బిడ్డ సమాధిని త్రవ్వుటను చూడవలసిన దుర్గతి పట్టెడిది కాదు.

డి.ఎన్.ఏ. పరీక్షకు హైదరాబాదు దేశమునకే మార్గదర్శకమైన నగరమను సంగతి ఇచ్చట జ్ఞప్తికి రాకమానదు. సి.సి.ఎం.బి.లో డాక్టరు లాల్జీ సింగ్ 1988 ప్రాంతమున స్వదేశీయమైన పద్ధతిని సిద్ధపరచిరి, తరువాత సి.డి.ఎఫ్.డి. అను ప్రత్యేకసంస్థయు అచ్చటనే వెలసెను. అంతటి విద్య చేరువలో నున్నను, పొట్లము సరిగ కట్టని చోట అది చేయగలిగినది లేదు.

2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ పద్ధతులలో కొన్నింటిని చట్టబద్ధము చేసినది. ఏడు సంవత్సరములు గాని అంతకుమించి గాని శిక్షపడదగిన నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలమునకు వచ్చి సాక్ష్యమును సేకరింపవలెనని, ఆ క్రమమును వీడియో తీయవలెనని 176వ సెక్షను మూడవ ఉపవిభాగము చెప్పును. సిబ్బంది సమకూర్చుకొనుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు గలదు. సోదాలను, జప్తులను వీడియో తీయుట 105వ సెక్షను ప్రకారము విధి. కర్ణాటకమున నేరస్థలములకై ప్రత్యేకాధికారులను నియమించుటయు ఇటీవలనే ఆరంభమైనది. నేరస్థుని కాపాడు ఉద్దేశముతో సాక్ష్యమును మాయము చేయుట భారతీయ న్యాయసంహిత 238వ సెక్షను క్రింద నేరము. మైలపోవలెనని తెలియక నేల కడిగిన ముసలమ్మకు అది వర్తింపదు. అయినను నేల కడిగినపిమ్మట మిగులునది మాత్రము ఉభయత్ర ఒక్కటే.

వీడియో వచ్చినంతమాత్రమున మహజరు పోలేదు. సోదాలకు ఆ ప్రాంతమున నివసించు నిష్పక్షపాతులైన పెద్దమనుష్యులను ఇరువురిని గాని అంతకెక్కువమందిని గాని పిలువవలెనను నియమము పాతచట్టమునుండి క్రొత్తచట్టమునకు వచ్చినది. వ్రాతమూలకముగా పిలిచినపుడు సహేతుకమైన కారణము లేక నిరాకరించుట నేరము. ఇక్కడనే పరభాషాప్రాంతమున నివసించు తెలుగువానికి ఒక ఇబ్బంది కలుగును. మహజరు కన్నడమున నుండును. కన్నడ, తెలుగు లిపులు తోబుట్టువులు గనుక కూడబలుకుకొని చదువుట కష్టము కాదు. కాని పోలీసువారి గొలుసుకట్టు వ్రాత కన్నడిగునికే కొరుకుడుపడదు. వాడుకగా కన్నడము మాటలాడువారును వ్రాసినదానిని చదువలేక, మొగమాటముచేత క్రింద సంతకము పెట్టి వచ్చుచున్నారు. చదివి వినిపించి అర్థము చెప్పుమని అడుగుట సాక్షి హక్కు. అడిగినంతమాత్రమున దర్యాప్తునకు అడ్డుపడినట్లు కాదు. సంతకము తెలుగున చేసినను చెల్లును.

వినునపుడు గమనింపవలసినవి కొన్నియే. తాను స్థలమునకు వచ్చిన వేళ, మహజరు ఆరంభించిన వేళ, ముగించిన వేళ వ్రాయబడెనా? తన కన్నులయెదుట దొరకిన వస్తువులే అందున్నవా, తాను రాకమునుపు దొరకినవియు చేరినవా? అవి ఎన్ని, ఎచ్చట దొరకినవి? పొట్లములు తనయెదుటనే కట్టి లక్కముద్ర వేసిరా, లేక ఠాణాలో కట్టుదుమనిరా? ఖాళీ కాగితముమీద ఎవరడిగినను చేవ్రాలు చేయరాదు. చూడనిదానిని చూచినట్లు వ్రాసియున్నచో దిద్దుమని అడుగవలెను.

న్యాయస్థానమున మహజరు దానంతట అది స్వతంత్రసాక్ష్యము కాదు. దానిని బలపరచునది సాక్షి నోటిమాట. సమను వచ్చినగాని అతడు పోనక్కరలేదు. వచ్చుట మాత్రము తరచుగా ఏండ్లు గడచినపిమ్మటనే. అప్పటికి అతడు పీణ్య విడిచి దాసరహళ్లికో, హిందూపురమునకో మారియుండవచ్చును. న్యాయవాది ఒక పొట్లమును పైకెత్తి చూపి, ‘ఇది నీయెదుట కట్టినదేనా?’ అని అడుగును. ఆ పొట్లముమీద అంటించిన చీటీలో, వెలిసిన సిరాతో, అతని చేవ్రాలు ఉండును.